మా ఆయన పేరు మీద మా తమ్ముడి చెయ్యి

"మీ ఆయనకు చెప్పండి, చెయ్యి కిందికి దించొద్దని," అంది నర్సు, మంచం మీదున్న మా తమ్ముణ్ని చూపించి.

నేను నోరు తెరిచాను. నా నోటి సంగతి నేను పాఠాలు చెప్పే బడిలో హెడ్మాస్టరు మొదలు మా వీధిలో కూరగాయల బండివాడి దాకా అందరికీ తెలుసు. కానీ ఆ రోజు తెరిచిన నోరు అలాగే మూసుకున్నాను. మా తమ్ముడు కుడిచేతికి పెద్ద కట్టుతో, మత్తు వదలని కళ్లతో నన్ను చూసి తల అడ్డంగా ఊపాడు. అనకు అక్కా, అని. వాడి తలగడ పక్కనున్న కాగితంలో రోగి పేరు దగ్గర మా ఆయన పేరుంది. భార్య అన్నచోట నా పేరుంది. కింద నేనే పెట్టిన సంతకం ఉంది.

ఇది ఎలా జరిగిందో తెలియాలంటే సూరత్‌లో మావాళ్లు పనిచేసే పద్ధతి తెలియాలి. మాది తెలంగాణ నుంచి వచ్చిన నేత కుటుంబం. మరమగ్గాలను మేం సాంచాలు అంటాం. మా ఆయన అమ్రోలిలో ఒక సేఠ్ షెడ్డులో ఒక వరస సాంచాలు చూసుకునేవాడు. ఊళ్లో పెళ్లో చావో వస్తే ఎవరూ సాంచాలను ఖాళీగా వదిలి పోరు. వదిలితే తిరిగొచ్చేసరికి అక్కడ ఇంకొకడు నిలబడి ఉంటాడు. అందుకని తన మనిషినే ఒకణ్ని నిలబెట్టి పోతారు. దాన్ని బద్లీ అంటారు. బద్లీవాడు నేసిన గుడ్డ పాత మనిషి పేరు మీదే రాస్తారు, కూలి పాత మనిషికే వస్తుంది, ఊరి నుంచి వచ్చాక వాళ్లలో వాళ్లు చూసుకుంటారు. సేఠ్‌ను ఎవరూ అడగరు, ఆయనా ఏమీ ఎరగనట్టే ఉంటాడు. గుడ్డ బయటికి వస్తుంటే నేసే చెయ్యి ఎవరిదైతే ఆయనకేం?

మా పెద్దమామ పోయాడని దినాలకు మా ఆయన ఊరికి వెళ్లాడు. బద్లీకి మా తమ్ముణ్ని పెట్టాడు. మా ఆయన మా మేనత్త కొడుకు. వాళ్లిద్దరూ బావా బావమరుదులు కాకముందు నుంచే ఒకే వాకిట్లో కొట్టుకుంటూ పెరిగినవాళ్లు. తమ్ముడికి సొంత చోటంటూ లేదు. ఏ షెడ్డులో మనిషి తక్కువైతే ఆ షెడ్డుకు పోతాడు. అందుకే వాడికి కార్మికుల బీమా కార్డు లేదు. మా ఆయనకుంది.

సాంచా పక్కన తిరిగే పళ్లచక్రానికి ఉండాల్సిన మూత ఎప్పుడో ఊడిపోయింది. ఎవరూ మళ్లీ పెట్టలేదు. అందులో చుట్టుకున్న పోగును తీయబోయాడు తమ్ముడు. చూపుడు వేలు, దాని పక్క వేలు. షెడ్డు మాస్టరు వాణ్ని ఆటోలో బీమా ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ పేరు అడిగారు. తువ్వాలులోంచి రక్తం కారుతుంటే మా తమ్ముడు తన పేరు చెప్పలేదు, బావ పేరు చెప్పాడు. మేనరికపు పోలికలు, ఇద్దరికీ ఒకే రకం మీసం, ఆసుపత్రి కంప్యూటర్లో ఉన్న కార్డు ఫొటోను పట్టి చూసినవాళ్లు లేరు.

"నా పేరు జెప్తే పైసలు కట్టమంటరు గదక్కా," అన్నాడు తరువాత అడిగితే.

వేళ్లు తెగిన క్షణంలో మనిషికి అంత ఆలోచన ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. నేను చేరేసరికి వాణ్ని లోపలికి తీసుకుపోతున్నారు. భార్య ఎవరు, సంతకం పెట్టాలి అన్నారు. అక్కడ నిలబడి వాదం పెట్టుకునే వేళా అది? పెట్టాను.

ఆ తరువాత కట్టు మార్చిన ప్రతిసారీ మా ఆయన పేరుతో కేక వేసేవాళ్లు, తమ్ముడు లేచి వెళ్లేవాడు. నేను వెనకాల సంచీ పట్టుకుని నడిచేదాన్ని. ఒకసారి మందుల వరసలో నేను ఎవరితోనో గొడవపడుతుంటే, "బావ పేరు తీస్కున్న సరే, బావ తినే తిట్లు గూడ నాకే పడ్తయా అక్కా," అన్నాడు వాడు. నవ్వాను. నవ్వినందుకు ఇంటికొచ్చాక నా మీద నాకే మండింది.

ఊరి నుంచి వచ్చిన మా ఆయనకు తన కుడిచేతి వేళ్లు తెగిపోయాయని తెలిసింది. సేఠ్ అప్పటికే ఆయన పేరు మీద ప్రమాదం నివేదిక పంపేశాడు. కాగితం ప్రకారం గాయపడ్డ మనిషి షెడ్డులో కనబడకూడదు. కాబట్టి పది వేళ్లున్న మనిషి ఇంట్లో కూర్చుని చిక్కుడుకాయలు ఒలిచాడు, ఆయన సాంచాల మీద మళ్లీ ఎవరో బద్లీ నిలబడ్డాడు. పనికి పోలేని రోజులకు బీమావాళ్లు ఇచ్చే డబ్బు మా ఆయన ఖాతాలో పడింది. పడింది పడినట్టు తీసి తమ్ముడి భార్య చేతిలో పెట్టాడు. ఆ విషయంలో ఆయన మీద ఒక్క మాట అననివ్వను. అందరూ గండం గడిచిందనే అనుకున్నారు.

నాకే మనసు ఒప్పలేదు. ఆ డబ్బు కట్టు ఉన్నన్నాళ్లే. కట్టు విప్పాక వేళ్లు మొలవవు కదా, దానికేమిటి? బడి అయ్యాక లేబర్ ఆఫీసుకు పోయి, మా బడి పిల్లవాడి తండ్రి సంగతని చెప్పి అడిగాను. అక్కడి గుమస్తా పెద్దాయన ఓపికగానే చెప్పాడు. వేలు ఎంతవరకు పోయింది, ఒక కణుపా, రెండా, మొదలంటానా అని గుడ్డ కొలిచినట్టు అడిగాడు. ఏ వేలికి ఎంత, ఏ కణుపుకు ఎంత అని పట్టీ ఉందట. వయసు తక్కువైతే పరిహారం ఎక్కువట, ఇంకా పని చేయాల్సిన ఏళ్లు ఎక్కువ కాబట్టి. చక్రంలో వేలు తనే పెట్టాడు కదా అని సందేహం వెలిబుచ్చితే, అలాంటి పొరపాటుతో హక్కు పోదు, పని చేస్తుండగా జరిగిందా లేదా అన్నదే చూస్తారన్నాడు. చివరికి వైద్యుల బోర్డు చెయ్యి చూసి, పనిచేసే శక్తి ఎంత పోయిందో రాస్తుంది. బతుకంతా ఆసరాగా ఉండేది అదే.

"ఎవరి చెయ్యి చూస్తారు?" అన్నాను.

ఎవరి పేరు ఉంటే వాళ్ల చెయ్యి, అన్నాడు ఆయన. ఇదేం ప్రశ్న అన్నట్టు నా మొహం చూసి, ఆ పిల్లవాడి తండ్రి మీకేమవుతాడు అని అడిగాడు. అప్పుడు చెప్పాను మొత్తం. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. కార్డు లేకపోయినా ఆ రోజు ఆ షెడ్డులో పని చేశాడని తేలితే తమ్ముడికి హక్కు ఉంటుందన్నాడు. అది తేలాలంటే సాంచాలు ఎవరి పేరు మీద ఉన్నాయో ఆ మనిషి ముందుకొచ్చి, ఆ రోజు తాను అక్కడ లేనని చెప్పాలి. చెప్పకపోతే తెగిన చెయ్యికి పేరు లేదు, పేరున్న చెయ్యికి గాయం లేదు. ఇద్దరిలో ఎవరికీ ఏమీ రాదు.

ఆ మనిషి మా ఇంట్లో చిక్కుడుకాయలు ఒలుస్తున్నాడు.

బోర్డు ముందుకు రమ్మని మా ఆయన పేరు మీద కబురొచ్చింది. షెడ్డు సెలవు రోజున నేను అడాజన్‌లో సేఠ్ ఫ్లాటుకు వెళ్లాను. మా ఆయన రానన్నాడు. సేఠ్ భార్య చాయ్ ఇచ్చింది. చాయ్ బాగుందని కూడా ఒప్పుకోవాలి. సేఠ్ గొంతు పెంచలేదు. బోర్డుకు పోకపోతే ఆ కాగితం అక్కడితో ఆగిపోతుందన్నాడు. మీ తమ్ముడికి మానవత్వం కొద్దీ చేతిలో కొంత పెడతాను, మీ ఆయన సాంచాలు మీ ఆయనకే ఉంటాయి, రెండిళ్లూ నడుస్తాయి అన్నాడు.

మీ షెడ్డులో పనిచేస్తూ చెయ్యి పోగొట్టుకున్నవాడికి మీరు పెట్టేది దానమా అన్నాను.

"మీ తమ్ముడి పేరు నా దగ్గర ఎక్కడుంది బెన్?" అన్నాడు హిందీలో, గుజరాతీలో అక్కా అని కలుపుతూ, నెమ్మదిగా. "ఆసుపత్రిలో వేరే పేరు చెప్పింది మీవాళ్లు. సంతకం పెట్టింది మీరు. నేను పెట్టమన్నానా?"

అందులో అబద్ధం లేదు. అదే నా ఒళ్లు మండించింది. లేస్తూ, చక్రానికి మూత పెట్టించారా అని అడిగాను. అవుతుంది బెన్, అవుతుంది, అన్నాడు.

ఆ సాయంత్రం మా ఇంట్లో పంచాయితీ. తమ్ముడు, వాడి భార్య వచ్చారు. నేను లేబర్ ఆఫీసులో విన్నదంతా చెప్పాను. మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుని అంతా విన్నాడు.

"నేను గాదు, గా దినం నేను ఊళ్లె ఉన్న అని జెప్తే ఏమైతది? ముందుగాల దొంగ అంటరు. ఇన్ని దినాలు పైసలెందుకు తీస్కున్నవంటరు. సేఠ్ సాంచాలు గుంజుకుంటడు. యాభై ఏండ్లకు నాకు కొత్తగ ఎవరిస్తరు? నీ బడి మీద బతుకుదమా?"

నా బడి తెలుగు మీడియం. ఏటేటా పిల్లలు తగ్గిపోతున్న బడి, ఏటేటా కొత్తగా రాయించుకోవాల్సిన ఉద్యోగం. ఆయన మాట నాకు గుచ్చుకుంది కానీ తప్పని చెప్పలేను. అయినా ఊరుకుంటానా? బావమరిది చెయ్యిని అడ్డం పెట్టుకుని సాంచాలు కాపాడుకుంటావా అన్నాను. ఆ మాట అనాల్సింది కాదు. ఆయన మొహం చూశాక తెలిసింది. కానీ అనేశాను.

"ఇడిసిపెట్టక్కా," అన్నాడు తమ్ముడు. "బావ ఏం జేస్తడు. పేరు నేనే జెప్తిని గద."

అంతవరకు గడపలో కూర్చున్న వాడి భార్య తలెత్తింది. ఆ పిల్ల పెళ్లయి వచ్చిన నాటి నుంచి నాతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. నేనంటే భయమని వాడు చెబుతాడు.

"నేను రోజు అన్నం కలిపి పెడుతున్న వదినె," అంది. "ఎడమ చేత్తో తినుమంటె సిగ్గుపడుతడు. కార్డు ఈయనది గాదు, సాంచా ఈయనది గాదు, సరే. పోయిన వేళ్లు గూడ ఈయనవి కావంటె ఇగ ఈయనకు ఉన్నదేంది?"

వాళ్లు వెళ్లాక మా ఆయన అన్నం తిన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, కడుక్కున్న చెయ్యిని తుడుచుకోకుండా కాసేపు అలాగే పట్టుకుని చూశాడు. బోర్డు రోజు వరకు నాతో మాట్లాడలేదు. పోతాడో పోడో నాకు తెలియదు. మళ్లీ అడిగే ధైర్యం, నమ్మండి, నాకే లేకపోయింది.

ఆ రోజు పొద్దున్నే గడ్డం గీసుకుని, ఊళ్లో దినాలకు కుట్టించుకున్న తెల్లచొక్కా తొడుక్కున్నాడు. "వాణ్ని గూడ రమ్మను," అన్నాడు. అంతే.

ముగ్గురం బీఆర్‌టీఎస్ బస్సులో పోయాం. బోర్డు గది బయట బెంచీ మీద ఆ చివర మా ఆయన, ఈ చివర తమ్ముడు, నడుమ నేను. ఎంతోసేపటికి లోపలి నుంచి మా ఆయన పేరు పిలిచారు. తమ్ముడు లేచాడు. ఇన్నాళ్లూ ఆ పేరుకు లేచి లేచి అలవాటైపోయింది వాడికి. మా ఆయన చెయ్యి చాపి వాడి చొక్కా పట్టుకుని కూర్చోబెట్టాడు. తను లేచి లోపలికి నడిచాడు. నేను వెనకే వెళ్లాను, రావొద్దన్నా వెళ్లాను.

డాక్టరు తల ఎత్తకుండానే చెయ్యి చూపించమన్నాడు. మా ఆయన రెండు చేతులూ బల్ల మీద పెట్టాడు, బోర్లా. డాక్టరు కాగితం చూశాడు, చేతులు చూశాడు, మళ్లీ కాగితం చూశాడు.

"ఇవి నావి సాబ్," అన్నాడు మా ఆయన, తనకొచ్చిన హిందీలో. "తెగినయి బయట ఉన్నయి."

ఆ తరువాత మమ్మల్ని చాలాసేపు నిలబెట్టారు. అడిగిందే అడిగారు. ఆ దినం ఎక్కడున్నావు, ఊళ్లో నిన్ను చూసినవాళ్లెవరు, సంతకం ఎవరిది. నాదే అన్నాను. తమ్ముణ్ని పిలిచి, వాడి పేరు వాడి నోట చెప్పించారు. ఈ బోర్డు మీ చెయ్యి మీద ఇప్పుడేమీ రాయడం కుదరదు, ముందు విచారణ జరగాలి, తీసుకున్న డబ్బు సంగతి కూడా తేలాలి అన్నారు. తమ్ముడి పేరు మీద లేబర్ ఆఫీసులో వేరే దరఖాస్తు పెట్టాం. అది నడుస్తోంది. నేను ఇది రాసే నాటికి వాడికి ఏమీ రాలేదు. వస్తుందని ఆ గుమస్తా పెద్దాయన అంటాడు. ఎప్పుడు అంటే కళ్లద్దాలు తుడుచుకుంటాడు.

బోర్డు మర్నాడు మా ఆయన తన సామాను తెచ్చుకుందామని షెడ్డుకు వెళ్లాడు. సామాను అంటే ఒక కత్తెర, పోగులు లాగే కొక్కెం, టిఫిను డబ్బా. తిరిగొచ్చి చెప్పులు విడుస్తుంటే, సేఠ్ ఏమన్నాడని అడిగాను. సేఠ్ కనబడలేదట. సాంచాలు ఎవరికో ఇచ్చేశారట.

"ఎవరికి?"

"ఎవరికిచ్చిన్రో నాకేమెరుక. నిలబడ్డది మాత్రం బద్లీనే. అసలోడు ఊరికి పోయిండంట." డబ్బా నా చేతికిచ్చాడు. "చక్రానికి మూత లేదు. వానికి జెప్పొచ్చిన, చెయ్యి పెట్టకు అని. పేరు గూడ అడిగిన."

పేరెందుకు అన్నాను.

"ఒక్కరికన్న ఎరుక ఉండాలె గద," అన్నాడు.