చెవుల్లో తీగలున్న ఆఫీసరు

ఢిల్లీలో సర్కారీ క్వార్టర్స్‌లో ఉన్న రోజుల్లో మా మేడ మీద ఒక తెలుగు ఆఫీసరు ఉండేవాడు. ఎవరో సింగపూర్ నుంచి తెచ్చిచ్చిన చిన్న టేపు రికార్డరంటే అతనికి ప్రాణం. ఇంట్లో ఉన్నంతసేపూ చెవులకు ఇయర్‌ఫోన్లే.

"వీణ తీగలు వేటికవే వినిపిస్తాయండీ! చెవులకు తగిలే స్పాంజి కూడా దూదిలా మెత్తన," అనేవాడు.

అంత మెత్తనైతే చెవులు అలా ఎర్రగా కందిపోవడం దేనికో! బ్యాటరీలకు తగలేసిన డబ్బుతో ఇంకో పూట పాలు పోయించుకోవచ్చు. ఎవరేం చెప్పినా తల ఊపి, "అచ్ఛా, ఠీక్ హై," అనేవాడు. ఒక్క ముక్కా వినేవాడు కాదు.

ఒకసారి అతని మామగారు మంచాన పడ్డారని కబురొచ్చింది. వెళ్లొస్తానని భార్య అడిగితే, "తర్వాత చూద్దాంలే," అన్నాడట. ఆ పిల్ల నా దగ్గర కూర్చుని ఏడ్చింది.

"పిచ్చిదానా, ఆ తీగలు పెట్టుకున్నప్పుడు అడుగు," అన్నాను.

మర్నాడు అతను చెవుల్లో తీగలతోనే ఆఫీసుకు బయల్దేరుతుంటే నా ఎదుటే అడిగింది. "ఏమండీ, మధ్యాహ్నం బండికి వెళ్లి నాన్నను చూసి రానా?"

అతను తల ఊపాడు. "అచ్ఛా, ఠీక్ హై."

మావారు వెళ్లి ఆమెను రైలెక్కించి వచ్చారు. సాయంత్రం అతను మా గుమ్మంలోకి వచ్చాడు.

"పిన్నిగారూ, మా ఆవిడేదండీ?"

"పుట్టింటికి వెళ్లింది. మీరే కదా బాబూ, పొద్దున సరేనన్నారు!"

"నాకు వినపడలేదండీ!"

"అది మీ చెవుల తప్పు, ఆ పిల్లది కాదు."

"మరి వంటో?" అన్నాడు. మామగారికి ఎలా ఉందని మాత్రం అడగలేదు.