మెక్‌లారెన్ వేల్‌లో రాతి ఇల్లు

అడిలైడ్‌లో ఇరవై ఆరేళ్ళు వంతెనల డ్రాయింగులు గీసిన కేశవరావు, అరవయ్యో ఏట తన కోరిక తీర్చుకున్నాడు. నగరానికి దక్షిణాన, మెక్‌లారెన్ వేల్‌లో ద్రాక్షతోటలకు ఎదురుగా ఉన్న పెద్ద రాతి ఇంటిని వేలంలో పాడుకున్నాడు. చుట్టూ ఉన్న జనం చప్పట్లు కొడుతుంటే భార్య శ్యామసుందరి అతని మోచెయ్యి పట్టుకుంది.

"ఎవరు కొన్నారండీ?"

"మనమే!" అన్నాడు. సంతోషం పట్టలేక అడుగుతోందనుకున్నాడు.

అంతకుముందు పంతొమ్మిదేళ్ళు వాళ్ళు మాసన్ లేక్స్‌లో చిన్న ఇంట్లో ఉన్నారు. శ్యామసుందరి అక్కడి స్కూల్లో లెక్కలు చెప్పేది. అలసటగా ఉందని ఏడాది క్రితమే మానేసింది.

కొత్త ఇంట్లో మొదటి వారమే ఆవిడకు బాత్‌రూమ్ దొరకలేదు. వంటింట్లో పిడుల్లేని అల్మరాల ముందు నిలబడి అరచేతులతో తడుముకునేది. మంచి కంచాలు తియ్యనిచ్చేది కాదు. "వాళ్ళవి కదండీ, పగిలితే బావుండదు" అనేది. పొద్దున్నే దుప్పట్లు మడిచి, బట్టలు సంచిలో సర్దుకుని హాల్లో కూర్చునేది.

ఓ మధ్యాహ్నం ఆవిడ కనిపించలేదు. ఎదురు ద్రాక్షతోటలో తీగలు కత్తిరిస్తున్న ఒకామె ఆవిడను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. శ్యామసుందరి కాళ్ళకు చెప్పుల్లేవు.

"ఈ మతిమరుపు జబ్బు మూడు నాలుగేళ్ళ నాటిదై ఉంటుంది," అన్నాడు డాక్టరు. "పాత ఇంట్లో ఏది ఎక్కడుందో చేతులకు తెలుసు. అందుకే బయటపడలేదు."

కేశవరావుకు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. రెండుసార్లు ఉప్పు పడ్డ పప్పు. స్కూలు నుంచి దారి తప్పి ఆలస్యంగా వచ్చిన రోజు. అన్నిటికీ అతను నవ్వి ఊరుకున్నాడు.

మెల్‌బోర్న్ నుంచి కూతురు వైశాలి వచ్చింది. తల్లిని చూసి బయటికొచ్చి ఏడ్చింది.

"షి వాజ్ ఓకే దేర్, నాన్నా. వై డిడ్ యు మూవ్ హర్?"



మర్నాడు కేశవరావు మాసన్ లేక్స్‌కు వెళ్ళాడు. ఎంతకైనా సరే, అమ్మేసిన పాత ఇంటిని తిరిగి అడుగుదామనుకున్నాడు. ఇల్లు కొన్న అచ్యుత్ ఆదరంగా లోపలికి పిలిచాడు.

"చూడండి అంకుల్, కిచెన్ వాల్ తీసేయించాం. ఇప్పుడంతా ఓపెన్ ప్లాన్. ఎలా ఉంది?"

పొయ్యి ఉన్న చోట సోఫా ఉంది. శ్యామసుందరి పోపుల డబ్బా పెట్టుకునే గోడ అల్మరా లేదు. అసలు ఆ గోడే లేదు.

"బావుందయ్యా," అన్నాడు కేశవరావు. ఇచ్చిన టీ తాగి వచ్చేశాడు.

ఇంటికి చేరేసరికి శ్యామసుందరి వరండాలో కుర్చీ అంచున కూర్చుని ఉంది. అతన్ని చూసి మర్యాదగా లేచి, చెంగు సర్దుకుంది.

"ఈ ఇల్లు మీదేనా అండీ?"

అతను మెట్టు మీదే ఆగిపోయాడు.

"ఆఁ."

"చాలా బావుంది. మా ఆయన కూడా ఇలాంటిదే కొనాలంటుంటారు. నాకే ఇష్టం లేదు. ఆయనకు చెప్పలేక ఊరుకున్నాను."

కేశవరావు పక్క కుర్చీలో కూర్చున్నాడు. ఆవిడ కొంచెం జరిగి, కొత్తవాళ్ళ దగ్గర కూర్చున్నట్టు చేతులు ఒళ్ళో పెట్టుకుంది.