ట్యాంకు కింది తివాచీ

పదిహేనేళ్ల కిందట పడవల యార్డులో మా మావయ్యకు ‘కారుడు మేస్త్రి’ అని పేరు పెట్టారు. ఒక తెరచాప పడవకు ఆయన వెల్డింగ్ చేసిన డీజిల్ ట్యాంకులు రెండూ ఏడాది తిరక్కముందే కారాయి. యార్డు యజమాని అందరి ముందూ ఆయన మాస్కు లాక్కుని నేలకేసి కొట్టి, గేటు చూపించాడు. తన అతుకు కారదని మావయ్య ఎంత మొత్తుకున్నా, ట్యాంకులు పైకి తీసి చూసినవాడు లేడు. తియ్యాలంటే క్యాబిన్ నేల కొయ్యాలి. లోపల ఏదో లప్పం పూసి పడవను అమ్మేశారు.

ఆ తర్వాత మావయ్య కిటికీ ఊచలు అతుక్కుంటూ బతికాడు. చుట్టాలు కూడా, “కాస్త దూరంగా కూర్చో, బట్టలు తడుస్తాయి” అనేవాళ్లు. ఆయనా నవ్వేవాడు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండేది.

ఈ ఏడాది అదే తెరచాప పడవ తిరిగొచ్చింది. లప్పం ఊడి, క్యాబిన్ అంతా డీజిల్ కంపు. కొత్త యజమానురాలు, రిటైరైన నర్సు, పాత గొడవ తెలియక మావయ్యనే పిలిచింది.

“అల్లుడూ, నువ్వూ రా. నా అతుకు నీ కళ్లతోనే చూద్దువుగాని,” అన్నాడు. పెళ్లికొడుకులా గడ్డం కూడా గీసుకున్నాడు.

డీజిల్ తోడేసి, క్యాబిన్ నేల కోసి, ఎడమ ట్యాంకు పైకి లేపాం. మావయ్య అతుకు పొడవునా వేలు పోనిచ్చాడు. చెక్కుచెదరలేదు.

“చూశావా?” అన్నాడు.

ట్యాంకు తిరగేశాం. అడుగు జల్లెడలా ఉంది, తెల్లటి పొడి రాలుతోంది. దానికి ఒక తివాచీ ముక్క అంటుకుని ఉంది. ఉప్పునీరు పీల్చి ఇంకా తడిగానే ఉంది. ఆ తడే అల్యూమినియాన్ని తినేసింది.

నీలం మీద పసుపు చారలు.

నేను బోర్లా పడుకుని అక్షరాలు దిద్దింది ఆ చారల మీదే. ఆ పడవలో ట్యాంకులు కూర్చోబెట్టిన వడ్రంగి మా నాన్న. మెత్తగా ఉంటుంది, చప్పుడు రాదు అని వేసి ఉంటాడు. అది తెలియక చేసిన పనే. కానీ మావయ్యను గెంటేసిన వారంలోనే, ఇంట్లో మిగిలిన తివాచీని నాన్న పెరట్లో తగలబెట్టాడు. బంగారంలాంటి తివాచీ అని అమ్మ లబోదిబోమంది. నాన్న నోరు విప్పలేదు. పోయేదాకా విప్పలేదు.

అక్క ఇంటి తివాచీ మావయ్య గుర్తుపట్టకుండా ఉంటాడా? అక్కడే చతికిలబడ్డాడు.

కొత్త ట్యాంకులు చేసి, కింద గాలి ఆడేలా రబ్బరు పట్టీల మీద కూర్చోబెట్టడానికి పది రోజులు పట్టింది. అన్నాళ్లూ స్పానరు అందుకో, లైటు ఇటు పట్టు అన్న మాటలే తప్ప ఆయన ఇంకేం మాట్లాడలేదు.

చివరిసారి మేం కలిసింది యార్డు గేటు దగ్గర. “అందరికీ నేనే చెప్పేస్తాను మావయ్యా,” అన్నాను.

ఆయన నా వైపు చూడలేదు. “యార్డు మొత్తంలో నన్ను కారుడని అననిది మా బావ ఒక్కడేరా. ఒక్కసారి కూడా అనలేదు. పదిహేనేళ్ల నుంచి ఆ మనిషికి మనసులో దణ్ణం పెట్టుకుంటున్నాను.”