తలుపుగారూ, తెరవండి

బాబాయి మనుషుల్నయినా ఎప్పుడో ఒకప్పుడు నువ్వు అంటాడేమో గానీ, మెషీన్లని మాత్రం చచ్చినా నువ్వు అనడు. ఇళ్లకి దొంగల అలారాలూ, చెబితే వెలిగే లైట్లూ, పిలిస్తే తెరుచుకునే తలుపులూ బిగించడం ఆయన పని. నిచ్చెనెక్కి కెమెరా బిగిస్తూ "కాస్త ఇటు తిరగండి, ఆ, చాలండి" అంటాడు. డ్రిల్లింగ్ మెషీన్ వేడెక్కితే "అలిసిపోయారు, కూర్చోండి" అని బల్ల మీద పెడతాడు. ఒకసారి ఓ ఇంట్లో సైరన్ ఆగకుండా మోగితే వీధి వీధంతా చెవులు మూసుకుంది. ఈయన మాత్రం కింద నిలబడి "మీ కోపం నాకర్థమైందండీ" అని బతిమాలుతున్నాడు. అందరూ ఆయన్ని అండీగారనే పిలుస్తారు. పిలవక చస్తారా.

ఆయన అన్నకూతురు ఆయన షాపులోనే పని చేస్తోంది. ఫోన్లు ఎత్తడం, తిట్లు తినడం ఆమె వంతు.

"మెషీన్లకి మర్యాదేం తెలుస్తుంది బాబాయ్?"

"వాటికి తెలియదమ్మా. మన నోటికి తెలుస్తుంది."

ఆర్నెల్లుగా షాపు ఈగలు తోలుకుంటోంది. అప్పుడొచ్చాడు ఓ బిల్డరు. నలభై ఫ్లాట్లు కడుతున్నాడు. "ముందు మా ఇంట్లో పెట్టి చూపించు. నచ్చితే నలభై ఫ్లాట్లూ నీవే" అన్నాడు. ఆ పని వస్తే షాపు నిలబడుతుంది. రాకపోతే అమ్మాయి వేరే ఉద్యోగం వెతుక్కోవాలి, బాబాయి తన షట్టరుకి దణ్ణం పెట్టి సెలవు తీసుకోవాలి.

బిగించిన మూడో రోజే ఫోను.

"ఏమ్మా, మీ బాబాయికి మతుందా? లైటు వెయ్ అంటే 'మర్యాదగా అడగండి' అంటోంది. నా ఇంట్లో, నన్ను."

"వెయ్యండి అని చూడండి సార్."

"గోడకి నేను అండీ అనాలా?"

అనలేదు. ఆ పట్టుదల బాత్‌రూం దాకా వెళ్లింది. ఒంటినిండా సబ్బు రాసుకుని "నీళ్లు వదులు" అని మూడుసార్లు అరిచాడట. మూడోసారికి అలారం మోగింది. కాలనీ కాపలావాళ్లు కర్రలతో వచ్చి బాత్‌రూం ముందు నిలబడ్డారు. ఆఖరికి వంటావిడ తలుపవతలి నుంచి "నీళ్లు వదలండి" అంటే గానీ షవరు కరుణించలేదు.

ఆ రోజు నుంచి ఇంటిల్లిపాదీ దారికొచ్చారు. బిల్డరు కూడా పళ్లు కొరుక్కుంటూ అండీ అనేవాడు, ఆ వెంటనే షాపుకి ఫోన్ చేసి తిట్టేవాడు. "తీసేస్తాను సార్, లోపల వారు అప్‌డేట్ అవుతున్నారు" అంటూ బాబాయి మూడు వారాలు నెట్టుకొచ్చాడు. చివరికి బిల్డరు తేల్చేశాడు. "రేపొచ్చి ఆ అండీ పీకెయ్యకపోతే ఫ్లాట్లు ఇంకొకడికిస్తా."

ఏం పీకాలో చూద్దామని అమ్మాయి ల్యాప్‌టాప్ తెరిచింది. ఏ ఇంటికి ఏ మాటలు పనిచెయ్యాలో బాబాయే స్వయంగా ఎక్కిస్తాడు. ప్రతి ఇంటికీ రెండు రకాలూ ఉన్నాయి, తెరువు, తెరవండి. బిల్డరు ఇంట్లో మాత్రం మొదటిది లేదు.

"మర్చిపోయావా బాబాయ్?"

"లేదు. ఆ ఇంట్లో నాలుగు రోజులు వైర్లు లాగాను. వంటావిడకి అరవై దాటాయి. బిల్డరు దగ్గర్నుంచి ఆయన పదేళ్ల కూతురి దాకా అందరూ ఆవిణ్ణి ఏయ్ అనే పిలుస్తారు."

"అందుకని మన షాపు ముంచుతావా?"

"నాకూ భయంగానే ఉందమ్మా. కానీ నేను చెబితే పోట్లాటకొస్తాడు. గోడతో ఎంతసేపని పోట్లాడతాడు?"

అమ్మాయికి ఒళ్లు మండింది. ఈ మంచితనమేదో నలభై ఫ్లాట్లూ చేతికొచ్చాక చూపించొచ్చు కదా అనిపించింది. అనేసింది కూడా. బాబాయి తల దించుకుని వైర్లు చుట్టుకున్నాడు.

మర్నాడు ఇద్దరూ వెళ్లారు. బిల్డరు హాల్లో కాచుకుని ఉన్నాడు.

"రావయ్యా. చూడు నా బతుకు. లైటు వెయ్యండి. ఫ్యాను తిప్పండి. కర్టెన్ లాగండి. పొద్దున లేస్తే ఇదే భజన." అరిచి అరిచి గొంతెండిపోయింది. అదే ఊపులో వంటింటి వైపు తిరిగి, "కాసిని మంచినీళ్లివ్వండి" అనేశాడు.

వంటావిడ గిరుక్కున వెనక్కి చూసింది, తన వెనక ఎవరొచ్చారా అని. ఎవరూ లేరు.

"నాకూ అలవాటైపోయింది నాన్నా," అంది మెట్ల మీద కూర్చున్న పిల్ల. "నిన్న అన్నం పెట్టండి అనేశాను. ముందు నవ్వింది... నవ్వారు. తర్వాత రెండు గరిటెలు ఎక్కువ పెట్టారు."

బిల్డరు ఆ గ్లాసుడు నీళ్లూ చాలాసేపు తాగాడు. మాట వెనక్కి తీసుకుందామంటే నలుగురూ విన్నారాయె. గ్లాసు వంటావిడ చేతికిచ్చి, బాబాయి వైపు చూడకుండా గొంతు సవరించుకున్నాడు.

"సరే, దాన్నలా ఉండనీ... ఉండనివ్వండి. ఫ్లాట్ల పని సోమవారం మొదలుపెట్టండి."

అమ్మాయికి పోయిన ప్రాణం లేచొచ్చింది. బాబాయి మాత్రం ఎప్పట్లాగే ల్యాప్‌టాప్‌కి "పడుకోండి" అని చెప్పి మూశాడు.

వంటావిడ వాళ్లని గేటు దాకా సాగనంపింది. అటూ ఇటూ చూసి, నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏయ్, తియ్యవే" అంది. గేటు కిక్కురుమనకుండా తెరుచుకుంది.

అమ్మాయి వీధిలోకి వచ్చేదాకా ఆగింది. "ఈ ఇంట్లో ఆ మాట చెల్లదుగా బాబాయ్?"

"ఆవిడ గొంతుకి చెల్లుతుంది," అన్నాడు బాబాయి. "ఏయ్ అనడానికి ఆవిడకీ ఒకరుండాలి కదమ్మా. గేటుగారితో ముందే మాట్లాడాను. ఏమీ అనుకోనన్నారు."