బియ్యం డబ్బాలో పెట్టిన మిషన్

“మిషన్ వారం దినాలు మెడలనే ఉన్నదా అమ్మా?”

“ఉన్నది బిడ్డా, తానం చేసేటప్పుడే తీసిన.”

యూనివర్సిటీ నుంచి వచ్చిన ఆ అమ్మాయితో నేను ఆడిన చివరి మాట అదే. అది అబద్ధం.

మా ఆయన పోయాక దిల్‌సుఖ్‌నగర్‌లో రోడ్లు ఊడ్చే పనిలో చేరాను. మేం ఎంత దుమ్ము పీలుస్తున్నామో కొలవడానికి ఆ అమ్మాయి వారం పాటు మెడలో వేసుకొమ్మని రోడ్డుకొకరికి చిన్న మిషన్ ఇచ్చింది. మా రోడ్డుకు నాకిచ్చింది. పగులుతుందేమోనని భయపడి, రోజూ దాన్ని బియ్యం డబ్బాలో పెట్టి పనికి పోయాను.

తర్వాత ఆ లెక్కలు పరిశోధనల పత్రికలో అచ్చయ్యాయి. అవి చూసి అధికారులు, దుమ్ము ఎక్కువున్న రోడ్లపై ఊడ్చేముందు నీళ్లు చల్లించాలని నిర్ణయించారు. సూపర్‌వైజర్ ఆ రోడ్ల పేర్లు చదివాడు. ఎల్బీనగర్ వైపువన్నీ ఉన్నాయి, మాది లేదు.

“మా రోడ్డేది సారూ?” నాతో ఊడ్చే యాదమ్మ దగ్గుతూ అడిగింది.

“మీ దగ్గర దుమ్మే లేదంట. రిపోర్టుల ఉన్నది.”

“మరి నేను రోజూ మింగేది చక్కెరనా?”

అందరూ నవ్వారు. వాళ్లతో పాటు నేనూ నవ్వాను. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ యాదమ్మ ముఖం చూడలేను.

పేపర్లో వచ్చే ఈ పేజీని ఆమె మనవరాలు ప్రతివారం ఆమెకు చదివి వినిపిస్తుంది. ఎదురుగా చెప్పే ధైర్యం లేకే మా చెల్లెలి కూతురితో ఇది రాయిస్తున్నాను.

బిడ్డా, రాసేటప్పుడు బియ్యం డబ్బా ముచ్చట ఇడిచిపెట్టలేదు గదా? ఏదీ, మొదటి నుంచి ఒక్కపారి సదువు.