తమ్ముడి అంగీ

నా చిన్నప్పుడు, పటాన్‌చెరు పక్కన మా ఊళ్ళో, అన్న విడిచిన బట్టలు తమ్ముడికి పోయేవి. ఒక దసరాకు మా ఇంట్లో అది తిరగబడింది. నాకంటే రెండేళ్ళు చిన్నవాడైన తమ్ముడికి బిగుతైన అంగీని నాకు తొడిగారు. సరిగ్గా సరిపోయింది. అందరూ నవ్వారు.

ఆ నవ్వు తలుచుకుంటే నాకిప్పటికీ మంటే. బళ్ళో నేను మొద్దునట, ఇంట్లో సోమరినట. ఎండాకాలంలో చలేసి గొంగడి కప్పుకుంటే వేషాలన్నారు. పొడుగవుతానని మా తాతయ్య రోజూ పొద్దున నన్ను దూలానికి వేలాడదీసేవాడు. చేతులు బొబ్బలెక్కాయి గాని, నేను వేలెడు కూడా పెరగలేదు. పాపం, ఆయనదీ బెంగే.

మా బట్టలన్నీ మిషన్ మీద కుట్టే పక్కింటి అక్క మాత్రం నవ్వలేదు. ఇంటికొచ్చి, గడిచిన మూడు దసరాలకు నాకు కుట్టిన అంగీలు తీయించి, మంచం మీద ఒకదానిపై ఒకటి పరిచింది.

“సూడు తాతా, మూడేండ్ల సంది కొలత జెర గూడ మారలే. గిది సోమరితనం గాదు, రోగం. దూలం ఇడిసి దవాఖానకు తోల్కపో.”

“మా వంశంల అందరం పొట్టోళ్ళమే పిల్లా.”

“గట్లయితే తమ్ముడు ఎవల వంశం?”

మర్నాడే తాతయ్య నన్ను బస్సెక్కించాడు.

సంగారెడ్డిలో డాక్టరు నా గొంతు తడిమి, నెత్తురు పరీక్ష చేయించాడు. “పొడుగయ్యే సూది ఎయ్యి సారూ” అని తాతయ్య బతిమాలాడు. డాక్టరు ఓపికగా చెప్పాడు. గొంతులోని థైరాయిడ్ గ్రంథి చాలినంత పనిచేయడం లేదట. అది తగ్గితే ఎముకలు సాగవు, తలలోని గ్రంథి ఇచ్చే పెరుగుదల హార్మోను కూడా పడిపోతుంది. ముందు థైరాయిడ్ లోటు తీరిస్తే రెండోది దానంతటదే లేస్తుంది, సూది అక్కర్లేదు. కానీ పెరిగే వయసు దాటి ఎముకల చివర్లు మూసుకున్నాక వస్తే ఏ మందుతోనూ ఎత్తు రాదు అన్నాడు. తాతయ్య నా బొబ్బల చేతులు పట్టుకుని కూర్చుండిపోయాడు.

రోజూ పరగడుపున ఒక గోలీ. కొన్ని వారాలకే గొంగడి విడిచాను. రెండు దసరాలు దాటాక నాకు బిగుతైన అంగీని అక్క తమ్ముడికి తొడిగింది. వాడు మూతి ముడిచాడు. నేను ఊరంతా తిరిగి చెప్పుకున్నాను.

ఇప్పుడు కొల్లూరు కాలనీలో ఉంటున్నాను. ఏ పిల్లవాణ్ణయినా పొట్టోడా, మొద్దూ అని పిలిస్తే నాకు ఒళ్ళు మండుతుంది. ఊరుకోను. పోయి అడుగుతాను. ఈ పొద్దు కూడా గోలీ మింగి, కింది ఇంటి తలుపు కొట్టి అదే అడిగి వచ్చాను: “పోయినేటి అంగీ ఇంకా పడుతున్నదా పోరనికి?”