మలుపు క్లాసు డబ్బులు

మా చిన్నప్పుడు... పరాయి దేశంలో మేముండే జురాంగ్ వెస్ట్‌లో నేను బస్సెక్కితే నా వెనకాల ఇద్దరు ముగ్గురు మామ్మగార్లు ఎక్కేవారు. బయట ఎండ మాడ్చేస్తుంటే వాళ్ళ చేతుల్లో మంకీ క్యాపులు. నేను వాళ్ళకి మంచు చూపించడానికి తీసుకెళ్తున్నానన్నమాట...

నాకప్పుడు పదమూడేళ్ళు. జురాంగ్ ఈస్ట్‌లో ఓ పెద్ద హాలుని ఫ్రీజర్‌లా చల్లబరిచి, లోపల మంచు పోసి, జూన్ సెలవుల్లో పిల్లలకి స్కీయింగ్ నేర్పేవారు. ఒక్కసారి చూశానో లేదో, నాకు పిచ్చి పట్టుకుంది. నాన్నని అడిగితే, "ఏడాది పొడుగునా చెమటలు కారే ఊళ్ళో మంచు మీద జారడం దేనికే? అంత సరదాగా ఉంటే నీ డబ్బుతో నేర్చుకో" అన్నారు. నేను అలిగాను. అలిగితే అన్నం మానడం తప్ప ఏమీ జరగలేదు.

అదృష్టం ఏంటంటే, ఆ రోజుల్లో మా అపార్ట్‌మెంట్ బ్లాకుల్లో ఏ తలుపు తట్టినా ఓ సాఫ్ట్‌వేర్ అంకుల్ ఉండేవారు. కొత్త ఉద్యోగాలు, కొత్త జీతాలు... అమ్మానాన్నలని విమానం ఎక్కించి రప్పించేవారు గానీ, ఊరు చూపించడానికి వాళ్ళకి తీరికేదీ? పాపం పెద్దవాళ్ళు పొద్దస్తమానం కిటికీలోంచి ఎదురు బ్లాకు బట్టలు చూస్తూ కూర్చునేవారు.

అదే నా వ్యాపారం. బస్సులో తీసుకెళ్ళి, మంచు చూపించి, భద్రంగా ఇంటికి చేరిస్తే, వాళ్ళ టికెట్టు డబ్బులు కాక నాకు మనిషికి ఐదు డాలర్లు. స్కీయింగ్ నేర్చుకునే పిల్లనని నన్ను ఊరికే లోపలికి వదిలేవారు. అలా పోగేసి మూడు క్లాసులు నేర్చుకున్నాను. నిలబడటం, తిన్నగా జారడం, ఆగడం వచ్చేశాయి. ఇక మిగిలింది ఆఖరి క్లాసు... మలుపు తిరగడం. అది వస్తేనే పై నుంచి ఒంటరిగా జారనిస్తారు. నా ఆశంతా ఆ ఒక్క జారుడు మీదే.

ఆ వారం పక్క బ్లాకు రవి అంకుల్ వాళ్ళ అమ్మగారు వచ్చారు నాతో. మండపేట మామ్మగారు. చీర కుచ్చిళ్ళు ఎగదోపి, బూట్లు తొడుక్కుని, మంచులో ధైర్యంగా నడిచారు. అంతా బాగానే ఉంది... చివర్లో సంచిలోంచి స్టీలు క్యారేజీ తీసి మంచు కుక్కడం మొదలెట్టారు.

"ఇదేంటి మామ్మగారూ?"

"మీ తాతగారికి. ఆయన రాలేరు కదే."

మా కోచ్ నవ్వు ఆపుకోలేక, ఆ ఊరి యాస ఇంగ్లీషులో, "ఆంటీ, క్యానాట్ లా, విల్ మెల్ట్" అంటున్నాడు. ఆవిడ వింటేగా? మూత బిగించి, తువ్వాలు చుట్టి, ఒళ్ళో పెట్టుకుని బస్సులో కూర్చున్నారు.

తాతగారు ఎందుకు రాలేరంటే, అప్పట్లో మా బ్లాకుల్లో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగేది కాదు. వాళ్ళది ఆరో అంతస్తు, లిఫ్టు ఆగేది ఐదులో. మోకాళ్ళు అరిగిన మనిషికి ఆ ఒక్క అంతస్తు మెట్లే గండం. ఆ పైన బస్సులు ఎక్కి దిగడం ఎక్కడ?

ఇంటికెళ్ళి క్యారేజీ తెరిచాం. చల్లటి నీళ్ళు... మామ్మగారి మొహం చిన్నబోయింది. తాతగారు మాత్రం వేలు ముంచి చూసి, "ముప్పై ఏళ్ళు డ్రాయింగు మేస్టారుగా పిల్లల చేత హిమాలయాలు గీయించానమ్మా. మంచు దగ్గర రంగు వెయ్యకండ్రా, కాగితం అలా వదిలెయ్యండి అనేవాణ్ణి. మంచంటే నాకు తెలిసింది అంతే" అని నవ్వేశారు. ఆ నవ్వు చూసి నాకు ఏడుపొచ్చింది.

శనివారం నా మలుపు క్లాసు. ఆదివారం వాళ్ళ తిరుగు విమానం. రవి అంకుల్‌కి ఆ శనివారం కూడా ఆఫీసే.

శుక్రవారం రాత్రంతా నాతో నేనే పోట్లాడుకున్నాను. పొద్దున్నే వెళ్ళి, "తాతగారూ, ఇవాళ పెద్దవాళ్ళకి టికెట్టు ఫ్రీ. టాక్సీకి నాన్న డబ్బులిచ్చారు" అని రెండు అబద్ధాలు ఆడేశాను. రానూపోనూ టాక్సీ, మామ్మగారితో కలిపి ఇద్దరి టికెట్లు... నా క్లాసు డబ్బులు సరిగ్గా సరిపోయాయి.

ఆ మెట్లు దిగడానికే పావుగంట పట్టింది. హాల్లోకి వెళ్ళాక తాతగారు వంగి గుప్పెడు మంచు తీసుకుని, అటూ ఇటూ తిప్పి చూసి, "తెలుపు కాదే ఇది... లోపల కాస్త నీలం ఉంది. పిల్లలకి తప్పు చెప్పాను" అన్నారు. తర్వాత దాన్ని ఉండ చేసి మామ్మగారి వీపు మీదకి విసిరారు. ఆవిడ తిట్టిన తిట్లు హాలంతా మోగాయి.

ఆ తర్వాత బడి తెరిచారు, పరీక్షలొచ్చాయి, ఆ క్లాసు అలా ఉండిపోయింది.

మొన్న డిసెంబర్లో మావాణ్ణి జపాన్ తీసుకెళ్ళాను, నిజం మంచు కొండకి. ఫోన్‌లో వేలు నొక్కితే వాడి క్లాసులన్నీ బుక్ అయిపోయాయి. వాడు పాములా మెలికలు తిరుగుతూ దిగుతుంటే, నేను తిన్నగా వచ్చి కింద వలకి తగులుకున్నాను. "అమ్మా, యూ డోంట్ నో హౌ టు టర్న్, ఆ?" అన్నాడు. జరిగిందంతా చెప్పాను. వాడు, "ఓకే, ఐ టీచ్ యూ. బట్ నాట్ ఫ్రీ లా" అన్నాడు. నాలుగు పెసరట్లకి బేరం కుదిరింది. ఆ క్లాసు వదులుకుని ముప్పై ఏళ్ళు దగ్గరపడుతుంటే, నా ఆఖరి క్లాసు ఫీజు అలా కట్టుకున్నాను.

ఇప్పుడా బ్లాకులో లిఫ్టు అన్ని అంతస్తుల్లోనూ ఆగుతోంది. కానీ ఎక్కించుకుని తీసుకెళ్దామంటే తాతగారే లేరు...

మీరూ చిన్నప్పుడు సొంతంగా కూడబెట్టి, చివరికి ఇంకెవరికోసమో ఖర్చు పెట్టేసిన డబ్బులున్నాయా? ఉంటే కింద రాయండి, చదువుకుని కాసేపు నవ్వుకుంటాను.